రెండు కెమెరాల్లో బతికిన లెన్సు

జపాన్‌లోని నిప్పన్ కొగాకు సంస్థ 1950ల తొలి సగంలో 105 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి చేసింది. ఎపర్చరు ఎఫ్/2.5. అప్పట్లో ఆ సంస్థ నికాన్ పేరుతో అమ్మేవి రేంజ్‌ఫైండర్ కెమెరాలు. 1959లో నికాన్ ఎఫ్ అనే ఎస్సెల్లార్ వచ్చాక అదే లెన్సును దానికీ అమర్చారు. గాజు అదే, పనితనం అదే. అయినా పోర్ట్రెయిట్ లెన్సుగా దాని పేరు మారుమోగింది ఎస్సెల్లార్ మీదే. ముఖాన్ని దగ్గర నుంచి తీయదలచినవారికి ఏ కెమెరా కావాలన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

రేంజ్‌ఫైండర్‌లో ఫోటోగ్రాఫరు లెన్సులోంచి చూడడు. పైనున్న చిన్న కిటికీలోంచి చూస్తాడు. దానికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో మరో కిటికీ ఉంటుంది. రెండింటి నుంచీ వచ్చే బొమ్మలు నడుమ ఒకదాని మీద ఒకటి పడతాయి. లెన్సు తిప్పుతూ పోతే ఆ జంటబొమ్మ ఒక్కటవుతుంది. అంటే ఫోకస్ కుదిరిందన్నమాట. 1932లో లైకా 2, కాంటాక్స్ కెమెరాలు ఈ ఏర్పాటును లెన్సుతో జతచేశాయి. వెలుతురు తక్కువగా ఉన్నచోట కూడా చకచకా పని జరిగే పద్ధతి ఇది.

చిక్కంతా దగ్గరికి వెళ్లినప్పుడే. చూపుడువేలు ముఖం ముందు పెట్టి ఒక్కో కన్నూ మూసి చూడండి, వేలు పక్కకు జరుగుతుంది. కెమెరా కిటికీకీ లెన్సుకీ మధ్య కూడా ఇదే తేడా. కొండను తీసేటప్పుడు లెక్కలోకి రాదు. మీటరు దూరంలోని ముఖానికి వచ్చేసరికి తల పైభాగం తెగిపోతుంది. 1954 నాటి లైకా ఎం3లో ఫోకస్‌తో పాటు కిటికీలోని చట్రపు గీతలు వాటంతటవే జరిగి దీన్ని చాలావరకు సరిదిద్దాయి. కానీ లెన్సు చూసే కోణాన్ని ఏ గీతా చూపలేదు. చెవి పక్కనుంచి వెనక గోడ ఎంత కనిపిస్తుందో కిటికీ సరిగ్గా చెప్పదు. పైగా 105 లెన్సు చట్రం, 50 లెన్సు చట్రంలో నాలుగో వంతు కూడా ఉండదు. అంత చిన్న గడిలో కళ్లలోని భావం వెతుక్కోవాలి.

లోపల అద్దం ఉన్న ఎస్సెల్లార్ కెమెరాకు ఈ బాధ లేదు. లెన్సు చూసిందే కంటికి కనిపిస్తుంది. కానీ అది ఎదగడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1936 నాటి కీనె ఎక్సాక్టాలో పైనుంచి తొంగిచూడాలి, కుడి ఎడమలు తారుమారై కనిపించేవి. 1949లో కాంటాక్స్ ఎస్ పెంటాప్రిజంతో బొమ్మను నిటారుగా కంటి ఎత్తుకు తెచ్చింది. షట్టర్ పడగానే అద్దం తిరిగి కిందికి దిగే ఏర్పాటు 1954లో అసాహిఫ్లెక్స్‌తో వచ్చింది. నికాన్ ఇంజనీర్లు తమ ఎస్‌పీ రేంజ్‌ఫైండర్‌నే ఆధారంగా తీసుకుని, నడుమ అద్దపు పెట్టె చేర్చి ఎఫ్‌ను రూపొందించారు.

105 లెన్సును పూర్తిగా తెరిచి మీటరు దూరంలో ముఖం తీస్తే స్పష్టంగా ఉండేది సుమారు సెంటీమీటరు మందం మాత్రమే. కంటిరెప్పల మీద ఫోకస్ ఉంటే చెవులు మసకబారతాయి. ఆ మసక ఎంత, ఎక్కడ మొదలైంది అన్నది ఎస్సెల్లార్ తెర మీద కనిపిస్తుంది. రేంజ్‌ఫైండర్ కిటికీలో ముక్కూ, చెవీ, గోడా అన్నీ ఒకేలా స్పష్టం.

1971లో ఈ లెన్సు లోపలి నిర్మాణాన్నే మార్చేశారు, దగ్గరి దూరాల్లో బొమ్మ మరింత బాగుండాలని. స్టీవ్ మెక్‌కరీ 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో ‘అఫ్ఘాన్ బాలిక’ ఫోటో తీసింది ఈ 105తోనే, నికాన్ ఎఫ్ఎం2 మీద.

అలాగని రేంజ్‌ఫైండర్‌ను తక్కువ చేయడం అన్యాయం. హెన్రీ కార్టియే బ్రెసాన్ లైకాకు 50 లెన్సు తగిలించి 1944లో చిత్రకారుడు మతీస్‌ను పావురాల మధ్య తీశాడు. మనిషితో పాటు అతని గదీ, పనీ చిత్రంలోకి రావాలంటే నాకు ఆ కెమెరానే ఇష్టం. చప్పుడు తక్కువ, ఎదుటివారు బిగుసుకుపోరు. అన్నిటికంటే ముఖ్యం, షట్టర్ తెరుచుకున్న క్షణం కూడా కిటికీలో కనిపిస్తూనే ఉంటుంది. ఎస్సెల్లార్‌లో సరిగ్గా అప్పుడే అద్దం లేచి చూపు మూసేస్తుంది.

ముఖం ఒక్కటే చట్రం నిండాలంటే మాత్రం ఎస్సెల్లారే తీసుకోండి. అరమీటరుకు చేరువైతే ఏ లెన్సుకైనా ముక్కు పెద్దదవుతుంది, అది దూరం చేసే పని. కాబట్టి 105 తగిలించి మీటరు ఆవలే నిలబడండి. దగ్గరున్న కంటి మీద ఫోకస్ పెట్టండి. తీసిన క్షణంలో రెప్ప వాలిందో లేదో మీకు కనిపించదు గనుక, వెంటనే ఇంకొకటి తీయండి.