పెంటకుప్పల జీవులు ఎవరి సొత్తు?

మెండోర దిక్కు చలికాలం పొద్దుగాల పెంటకుప్పను పారతోని కదిలిస్తే ఆవిరి లేస్తది. అది ఎండ వేడి కాదు, లోపటి సూక్ష్మజీవులు పెంటను కుళ్లబెడుతుంటే పుట్టే వేడి. మంచిగ పేర్చిన కుప్పల 60 డిగ్రీలు దాటుతది. మన చెయ్యి కాలే ఆ వేడే కొన్ని జీవులకు ఇల్లు. మణుగూరు దిక్కు పగిడేరుల భూమిలకెళ్లి వచ్చే వేడినీళ్లు గూడ ఇసొంటి తావే.

ఈ జీవుల జీన్లు పేర్చి ఉన్న తీరు చూడాలె. పసుపు ఉడకబెట్టే కాడ కడాయి, కట్టెలు, నీళ్లు పక్కపక్కనే పెట్టుకుంటం గదా! బాక్టీరియాల గూడ ఒక్క పనికి కావాల్సిన జీన్లు చానాసార్లు వరుసగ, ఒక్క స్విచ్చి కింద ఉంటయి. దీన్ని ఆపెరాన్ అంటరు. 1961ల ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు జాకబ్, మోనో దీన్ని వివరించిన్రు.

మరి ఈ వరుస ఎందుకు నిలిచింది? ఈ జీవులు తమ పిల్లలకే కాదు, పక్క జీవికి గూడ జీన్లు ఇస్తయి. ఒక్క జీన్ పోతే ఫాయిదా లేదు, కడాయి ఒక్కటే ఎత్కపోయినట్టు. మూట మొత్తం పోతేనే పని నడుస్తది. గందుకే మూటగ ఉన్నయి నిలిచినయని ఒక వాదన.

80 డిగ్రీల కాడ పెరిగే థర్మోటోగా మారిటిమా అనే బాక్టీరియా జీన్లను 1999ల పూర్తిగ చదివిన్రు. దాదాపు నాలుగోవంతు జీన్లు ఆర్కియా అనే వేరే తెగ జీవుల జీన్లను పోలినయి. అండ్ల కొన్ని గుంపులు గుంపులుగ, ఆర్కియాల ఉన్న వరుసల్నే దొరికినయి. ఎన్ని అనే లెక్క మీద వాదన నడిచింది గని, ఇచ్చిపుచ్చుకున్నది మాత్రం ఖాయం.

కోట్ల ఏండ్లు పంచుకోని పెరిగిన ఈ సంపద మీద పైసలు మాత్రం ఒక్కలకే పోతున్నయి. అమెరికాల ఎల్లోస్టోన్ పార్కు వేడి ఊటల 1960లల్ల దొరికిన థర్మస్ అక్వాటికస్ ఎంజైమ్ తోనే పీసీఆర్ పరీక్ష సులువైంది. కరోనా కాలంల మన ముక్కుల పుల్ల పెట్టి చేసిన పరీక్ష గదే. 1991ల ఆ పీసీఆర్ హక్కులు 30 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయినయి. పార్కుకు అండ్ల వాటా రాలే. మన పసుపు మీద గూడ 1995ల అమెరికా పేటెంటు ఇచ్చింది. సీఎస్ఐఆర్ కొట్లాడితేనే 1997ల రద్దయింది.

2002 జీవవైవిధ్య చట్టం చెట్టు, జంతువులతో పాటు సూక్ష్మజీవులను గూడ లెక్కల పెట్టింది. ప్రతి పంచాయతీల జీవవైవిధ్య కమిటీ ఉండాలె, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలె. తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీ ఊరి రిజిస్టర్ యాడున్నదో గ్రామసభల అడుగుండ్రి. రాయని సంపదను ఎవడో పేరు రాసుకున్నంక మొత్తుకుంటే ఏం ఫాయిదా?