మీకు తెలుసా? రెండు భాషలు, నాలుగున్నరేళ్ళ తేడా

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో పరిశీలించిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల్లో, ఒకే భాష వచ్చినవాళ్ళకంటే రెండు లేదా అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్ళకు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైంది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రకటించిన ఈ అధ్యయనంలో ఇంకా ఆశ్చర్యపరిచే సంగతి ఉంది. బడి గడప తొక్కనివాళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది, అదీ ఏకంగా ఆరేళ్ళు! ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడుకునే మామూలు జనానికి ఇది ఎంత మంచి కబురో! అయితే భాషలు వచ్చినంత మాత్రాన జబ్బు రాకుండా పోదు.

దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. పట్టణాల్లో 5.3 శాతమైతే, పల్లెల్లో 8.4. తెనాలి పక్కనున్న అంగలకుదురు లాంటి ఊళ్ళు గట్టిగా పట్టించుకోవాల్సిన లెక్క ఇది.

ఇంట్లో పెద్దవాళ్ళు అన్నం తిన్న చేయి ఆరకముందే "నాకింకా అన్నం పెట్టలేదమ్మా" అంటున్నా, రోజూ నడిచే వీధిలోనే దారి తప్పుతున్నా, పెద్దతనం అని సరిపెట్టకండి. బి12 లోపం, థైరాయిడ్ సమస్య వల్ల కూడా మతిమరుపు రావచ్చు. అవి చాలావరకు మందులతో అదుపు చేయగలిగేవే. ముందు డాక్టరుకు చూపించండి.