మంచుపై రక్షకుడు: నోరిస్ ట్రోఫీ నిర్ణయాలపై ఒక పరిశీలన

హాకీ అనగానే మన విద్యార్థులకు స్ఫురించేది పచ్చిక మైదానం, వంపు తిరిగిన కర్ర, ధ్యాన్‌చంద్ నామధేయం. కాని కెనడాలోను, అమెరికా ఉత్తర ప్రాంతాలలోను అదే పేరుతో పిలువబడే ఆట వేరు. అది గడ్డకట్టిన మంచుపై, కాళ్ళకు ఉక్కు అంచుల స్కేట్లు తొడుగుకొని ఆడే ఆట. బంతికి బదులు మూడంగుళాల వ్యాసం, అంగుళం మందం గల గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దానిని 'పక్' అంటారు. ఒక్కొక్క జట్టు పక్షాన ఒక గోల్‌కీపరు, ఇద్దరు రక్షకులు, ముగ్గురు ఫార్వర్డులు మంచుపై నిలుస్తారు. ఆ వేగాన్ని ఎక్కువసేపు తట్టుకోవడం మానవమాత్రునికి సాధ్యం కాదు గనుక, నిమిషం నిండకముందే వారు వెనుదిరిగి, వారి స్థానంలో మరికొందరు దిగుతారు.

ఈ ఆటకు శిఖరప్రాయమైనది నేషనల్ హాకీ లీగు. అందులో ఏటేటా ఉత్తమ రక్షకునికి ఇచ్చే బహుమతి జేమ్స్ నోరిస్ స్మారక ట్రోఫీ. డెట్రాయిట్ జట్టు యజమానిగా ఉండిన నోరిస్ పేరిట ఆయన సంతానం నెలకొల్పిన ఈ బహుమతిని మొదటిసారి, 1954లో, అదే జట్టుకు చెందిన రెడ్ కెల్లీ అందుకొన్నాడు. సీజను పొడవునా తన స్థానంలో సర్వతోముఖ ప్రావీణ్యం చూపిన రక్షకునికి దీనిని ఇవ్వాలని నిబంధన. 'సర్వతోముఖ' అనే ఆ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. గోల్స్ చేయడం, చేయించడం అందులో ఒక ముఖం మాత్రమే. ప్రత్యర్థిని గోల్ చేయనీయకపోవడం, రక్షకుడు అనే పేరుకే మూలమైన పని, రెండవ ముఖం. ఈ రెండవ ముఖానికి ఓట్ల వేళ న్యాయం జరుగుతున్నదా అన్నదే మేము ఇక్కడ విచారించదలచిన ప్రశ్న.

ఓటు వేసేవారు ఆటను వృత్తిగా వ్రాసే పాత్రికేయులు. ప్రతివారు ఐదుగురి పేర్లు వరుసగా వ్రాస్తారు. మొదటి పేరుకు 10, తరువాతి వాటికి క్రమంగా 7, 5, 3, 1 చొప్పున విలువ కడతారు. పద్ధతిలో దోషమేమీ కనిపించదు. చిక్కు ఓటరు కూర్చున్న చోట ఉన్నది. లీగులో జట్లు 32. ఒక్కొక్క జట్టు ఆడేవి ఎనభైకి పైగా ఆటలు. ఒక నగరపు పాత్రికేయుడు తన ఊరి జట్టును రోజూ చూస్తాడు. దూరపు జట్టును ఏడాదికి కొద్దిసార్లే చూస్తాడు. తాను చూడని ఆటగాని సంగతి అతనికి చేరేది అంకెల రూపంలో. గోల్ చేసినవానికి ఒక పాయింటు, దానికి తోడ్పడిన అందింపుకు ఒక పాయింటు. ఈ లెక్క ఎంత దూరమైనా చెక్కుచెదరకుండా ప్రయాణిస్తుంది. సరియైన చోట నిలిచి, ప్రత్యర్థిని మూలకు నెట్టి, అతడు పక్‌ను గోలు ముందుకు పంపాలన్న తలంపునే మానుకొనేటట్లు చేసిన రక్షకుని పని ఏ పట్టికలోకీ ఎక్కదు. జరగని గోల్‌కు లెక్క ఎక్కడ?

లెక్క కట్టే ప్రయత్నాలు లేకపోలేదు. శరీరం అడ్డుపెట్టి ఆపిన షాట్లను ఇప్పుడు లెక్కిస్తున్నారు. అయితే ఎక్కువ షాట్లకు అడ్డుపడినవాడు ఎక్కువ గొప్పవాడని చెప్పలేము. అతని జట్టు పక్‌ను నిలుపుకోలేక ఎప్పుడూ వెనుక ఇరుక్కొని ఉన్నదన్నది కూడా ఆ అంకెకు అర్థం కావచ్చును. ఆటగాడు మంచుపై ఉండగా తన జట్టు చేసిన గోల్స్‌ను కలిపి, సమర్పించుకొన్న వాటిని తీసివేసే లెక్క మరొకటి కలదు. అందులో గోల్‌కీపరు పుణ్యపాపాలు, తోటివారి పుణ్యపాపాలు కూడా వచ్చి పడతాయి. ఖవాలీలో వెనుక కూర్చుండి తాళం పట్టేవాని నేర్పును కొలవడం ఎంత కష్టమో ఇదీ అంతే.

చరిత్ర చూస్తే ఓటర్లు ఎల్లప్పుడూ అంకెలకే దాసులు కాలేదు. మాంట్రియల్‌కు, చివర న్యూయార్కుకు ఆడిన డగ్ హార్వే 1955 - 1962 మధ్య ఏడుసార్లు ఈ ట్రోఫీ గెలిచాడు. ఆట వేగాన్ని తన ఇష్టానుసారం పెంచి తగ్గించగల నేర్పు అతని కీర్తికి కారణం. గోల్స్ సంఖ్య కాదు. ఆపైన బోస్టన్‌లో బాబీ ఆర్ వచ్చాడు. 1968 నుండి 1975 వరకు వరుసగా ఎనిమిది ట్రోఫీలు అతనివే. రక్షకుడై ఉండి 1969-70లో 120 పాయింట్లతో లీగు మొత్తానికే అగ్రస్థానం పొందాడు. అంతకుముందు ఏ రక్షకుడూ చేయని పని అది. ఆర్ రక్షణలోనూ అసమానుడు గనుక అతనికి అన్యాయంగా ఏమీ ముట్టలేదు. కాని అతని తరువాత రక్షకుని కొలిచే గజం మారిపోయిందని మా అభిప్రాయం. ఆర్‌కు ఉండిన రెండు రెక్కలలో ఒక దానినే వెనుకటివారిలో వెదకడం అలవాటైంది.

ఆ అలవాటుకు ఎదురు నిలిచిన ఉదాహరణగా రాడ్ లాంగ్వేను పేర్కొనాలి. వాషింగ్టన్ జట్టు 1974లో లీగులో చేరినది మొదలు ఒక్కసారి కూడా ప్లే ఆఫ్ పోటీలకు అర్హత పొందలేదు. 1982లో మాంట్రియల్ నుండి లాంగ్వే ఆ జట్టుకు వచ్చాడు. అంతకు ముందు సీజనులో ఆ జట్టు 80 ఆటలలో సమర్పించుకొన్న గోల్స్ 338. అతడు వచ్చిన ఏడు అవి 283కు, మరుసటి ఏడు 226కు దిగినవి. 1983లో ప్లే ఆఫ్ ద్వారం మొదటిసారి తెరుచుకొన్నది. ఇదంతా ఒక్కని చలవ అనడం అతిశయోక్తి. జట్టులో ఇతర మార్పులూ జరిగాయి. అయినా ఆ మార్పుకు అతడు వెన్నెముక వంటివాడని ఆనాటి ఓటర్లు గ్రహించి, 1983లోను, 1984లోను ట్రోఫీని అతనికే ఇచ్చారు. 1983-84లో లాంగ్వే పాయింట్లు 33. ఆ ఏడు ఓట్లలో రెండవ స్థానంలో నిలిచిన ఎడ్మంటన్ రక్షకుడు పాల్ కాఫీ పాయింట్లు 126! నాలుగింతలకు దగ్గరైన ఈ తేడాను లక్ష్యపెట్టక ఓటు వేయడానికి ధైర్యం కావాలి. మరుసటి రెండేళ్ళు కాఫీయే గెలిచాడు.

ఆ ధైర్యం మళ్ళీ అంతగా కనబడలేదు. న్యూజెర్సీ నాయకుడు స్కాట్ స్టీవెన్స్ ఢీకొంటే ఎంతటి ఫార్వర్డైనా జంకేవాడు. తన జట్టు మూడుసార్లు స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు అతడే సారథి. 2000 ప్లే ఆఫ్‌లలో అత్యుత్తమ ఆటగాడుగా కాన్ స్మైత్ ట్రోఫీ కూడా పొందాడు. కాని నోరిస్ మాత్రం ఏనాడూ దక్కలేదు. అతడు ఓట్లలో రెండవ స్థానం వరకు వచ్చిన రెండు సంవత్సరాలు 1988, 1994. వాషింగ్టన్‌లో ఉండగా మొదటిసారి 72 పాయింట్లు, న్యూజెర్సీలో రెండవసారి 78 పాయింట్లు చేసిన ఏళ్ళవి. పాయింట్లు తగ్గి, అడ్డుకోవడమే అతని ప్రఖ్యాతిగా మారిన తరువాత అంతవరకు కూడా రాలేదు.

ఎదుటి పక్షం వాదనను వినకుండా తీర్పు చెప్పరాదు. పక్ తన కర్రపై ఉన్నంతసేపు ప్రత్యర్థి గోల్ చేయలేడు. కాబట్టి దాడి నడిపే రక్షకుడు కూడా ఒక విధంగా రక్షణే చేస్తున్నాడని వారంటారు. ఇందులో నిజం చాలా ఉన్నది. దాడిలోనూ రక్షణలోనూ ఆరితేరిన స్వీడన్ వీరుడు నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్ ఏడు ట్రోఫీలను ఎవరూ ప్రశ్నించలేదు. కాని 2023లో శాన్ హోజే రక్షకుడు ఎరిక్ కార్ల్‌సన్‌కు ట్రోఫీ దక్కిన సందర్భం వేరు. అతడు 101 పాయింట్లు చేశాడు. 1992 తరువాత ఏ రక్షకుడూ వంద అందుకోలేదు గనుక అది గొప్ప సంగతే. అదే సీజనులో పైన చెప్పిన కూడిక తీసివేతల లెక్కలో అతడు 26 అప్పు పడ్డాడు, జట్టు ప్లే ఆఫ్‌కు చేరలేదు. బలహీనమైన జట్టు భారం అతనిపై మోపడం తగదని మేమూ ఒప్పుకొంటాము. అయినా 'సర్వతోముఖ' అనే మాటకు ఆ ఓట్లలో ఎంత విలువ దక్కిందన్న సందేహం నిలిచే ఉంటుంది. 2016లో ఇందుకు విరుద్ధంగా జరిగింది. లాస్ ఏంజిలిస్‌కు చెందిన డ్రూ డౌటీ 51 పాయింట్లతో, 82 పాయింట్లు గల అదే కార్ల్‌సన్‌ను దాటి గెలిచాడు. కనుక ద్వారం పూర్తిగా మూసుకుపోలేదు.

ఒక విచిత్రం గమనించండి. రక్షణలో రాణించిన ఫార్వర్డుకు 1978 నుండి ఫ్రాంక్ సెల్కీ ట్రోఫీ ఇస్తున్నారు. మాంట్రియల్‌కు చెందిన బాబ్ గేనీ మొదటి నాలుగేళ్ళూ దానిని గెలిచాడు. దాడి చేయవలసినవాడు అడ్డుకొంటే బహుమతి ఉన్నది. అడ్డుకోవలసినవాడు అడ్డుకొంటే, 2024 వరకు లీగు ఏటా పంచిన బహుమతులలో, వేరుగా ఏమీ లేదు. అతనికీ ఒకటి ఏర్పరచాలనే కోరిక కొందరిలో ఉన్నది. మేము దీనిని పూర్తిగా సమర్థించలేము. వేరే పీట వేసి కూర్చుండబెడితే, ఇక నోరిస్ పంక్తిలో అతనికి చోటు అక్కరలేదని అందరూ చేతులు దులుపుకొనే ప్రమాదం కలదు. ఉన్న నిబంధననే ఓటర్లు అక్షరాలా పాటిస్తే చాలునని మాకు తోస్తున్నది. 2018 నుండి ఎవరు ఎవరికి ఓటు వేసినదీ బయటపెడుతున్నారు గనుక, కనీసం జవాబు చెప్పవలసిన బాధ్యత వారిపై పడింది.

ఇదంతా ఒక వెండి పాత్ర కోసం తగవు కాదు. ట్రోఫీల జాబితా చూసే హాల్ ఆఫ్ ఫేమ్ పెద్దలు చేతులు ఎత్తుతారు. ఎడ్మంటన్ జట్టులో పాల్ కాఫీతో కలిసి ఆడిన రక్షకుడు కెవిన్ లో ఆరు స్టాన్లీ కప్పులు గెలిచాడు, 1254 ఆటలు ఆడాడు, అన్నింటిలో కలిపి 84 గోల్స్ మాత్రమే చేశాడు. కాఫీ చివరి ఆట 2000-01 సీజనులో. 2004లో అతనికి ఆ గౌరవం లభించింది. కెవిన్ లో 1998లో ఆట విరమించాడు. అతని ఎన్నిక 2020లో జరిగింది.