కాశీమజిలీ కథలు - గొల్లపిల్లవాని ప్రశ్న

మజిలీ యనగా బాటసారులు దారిలో విడియు చోటు. రాజమహేంద్రవరమునకు చెందిన మధిర సుబ్బన్న దీక్షితులుగారు (1868–1928) 12 భాగములుగా కాశీమజిలీ కథలను రచించిరి. మణిసిద్ధుడను యతి కాశికి బోవుచు ఒక గొల్లపిల్లవానిని తోడు పిలిచెను. ప్రతి మజిలీయందును తాను చూచిన వింతకు కథ చెప్పవలెనని పిల్లవాడు నియమము పెట్టెను.

ఒక మజిలీలో మొదలైన కథ అచ్చటనే ముగియదు. ఒక పాత్ర నోట వేఱొక కథ పుట్టును. విడిపోయినవారు కొన్ని మజిలీలు దాటిన పిమ్మట కలిసికొందురు. కావుననే 'వీడెవడు? ముందెచ్చట కనబడెను?' అని చదువరులు తమలో తాము తర్కించుకొందురు. 1951లో వెలువడిన పాతాళభైరవి చిత్రకథకును ఈ గ్రంథమే ఆధారము.

1960లో తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమున చేరినది. మేమెఱిగినంతలో నేడు మన పిల్లలలో తెలుగు మాటాడువారు పెక్కురు. తెలుగు పుస్తకము చదువువారు కొందఱే. తల్లిదండ్రులారా! రాత్రి భోజనమైన పిమ్మట పిల్లలచే ఒక మజిలీ చదివించి వినుడు. వారు ప్రశ్నించినచో విసుగుకొనకుడు. ఆ గొల్లపిల్లవాడు అడుగుట మానియుండినచో యతి కథ తొలి మజిలీలోనే నిలిచిపోయెడిది. మన యింటి తెలుగును అంతే.