ఎక్కువైతే ఏం తక్కువైంది?

డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము రెండు ఉండాల్సింది మూడుంటాయి కదా తాతయ్యా, ఎక్కువుంటే నష్టమేంటి అన్నావు. బాగా అడిగావే అమ్మడూ. ఆ మూడోదాని సంగతి 1959లో పారిస్ వాళ్లు బయటపెట్టారు. పేరంతా లెజూన్ అనే డాక్టరుకి దక్కింది గానీ, అక్కడ కణాలు పెంచి చూసే పద్ధతి నిలబెట్టింది మార్త్ గోతియే అనే డాక్టరమ్మ.

కణంలో మనం తిన్న తిండిని శక్తిగా మార్చేవి మైటోకాండ్రియా. ఆ పనికి వాడే ఆక్సిజన్‌లో కాస్త దారితప్పి సూపరాక్సైడ్ అవుతుంది. వదిలేస్తే చేటు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము దాన్ని పట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. నీ మోకాలి దెబ్బ మీద పోస్తే బుసబుసా నురగొచ్చిందే, ఆ మందే. అదీ ప్రమాదమే కాబట్టి కెటలేజ్ లాంటి మరికొన్ని ఎంజైములు దాన్ని నీళ్లు చేసేస్తాయి.

తిరకాసు ఇక్కడే. మొదటి ఎంజైము జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది, కెటలేజ్‌ది 11వ దాని మీద. మూడో కాపీ వస్తే మొదటిది సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది, రెండోది ఉన్నంతే ఉంటుంది. పెళ్లిలో విస్తళ్లెత్తేవాళ్లు పెరిగి, గంపలు బయట పారబోసేవాళ్లు అంతేమంది ఉంటే ఏమవుతుంది? పందిట్లోనే గంపలు పేరుకుపోతాయి. 1995లో బుసిగ్లియో, యాంక్నర్ అనేవాళ్లు డౌన్ సిండ్రోమ్ మెదడు కణాలని గాజుపళ్లెంలో పెంచితే అవి మామూలు కణాలకంటే తొందరగా చచ్చిపోయాయి. కెటలేజ్ కలిపితే బతికాయి!

మొత్తం తప్పు ఆ ఒక్క ఎంజైముదే అనుకోకు. ఇటలీలో నేపుల్స్ వాళ్లు ఇంకో దోషిని పట్టారు. అదే క్రోమోజోము మీదున్న ఎన్‌ఆర్‌ఐపీ1 అనే జన్యువు, మైటోకాండ్రియాని తయారుచేయించే పెద్ద మేస్త్రీ లాంటి ప్రోటీన్‌ని అణిచేస్తుంది. దాంతో మైటోకాండ్రియా ముక్కలుముక్కలై, నీరసంగా పనిచేస్తాయి. డౌన్ సిండ్రోమ్ కణాలకి మెట్‌ఫార్మిన్ అనే మందు పడితే కొంత తేరుకున్నాయని 2017లో రాశారు. అవును, నేను షుగర్‌కి మింగేదే.

విటమిన్లు పోస్తే సరిపోదా అంటావేమో. ఇంగ్లాండులో డౌన్ సిండ్రోమ్ ఉన్న 156 మంది పసిపిల్లల్లో కొందరికి ఏడాదికి పైగా యాంటీఆక్సిడెంట్లో, ఫోలినిక్ ఆసిడో, రెండూనో ఇచ్చి, ఉత్త పొడి ఇచ్చినవాళ్లతో పోల్చి చూశారు. ఎదుగుదలలో తేడా లేదని 2008లో తేల్చేశారు. అందుకే మెట్‌ఫార్మిన్‌ని నేనింకా గాజుపళ్లెం కబురుగానే చూస్తున్నాను. నా బిళ్లల డబ్బా మాత్రం ఎవరికీ ఇవ్వను.