వెళ్లిపోయినవారి పట్టిక

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున పెద్దవాళ్లు గ్యాసు కనెక్షన్ గురించీ, సామాను లారీ గురించీ మాట్లాడుకుంటారు. పిల్లలు స్నేహితుల నోటుపుస్తకాల వెనక పేజీల్లో కొత్త చిరునామా రాసిస్తారు. అదీ పూర్తిగా తెలియదు. ఊరి పేరు, స్కూలు పేరు, అంతే. ఆ తర్వాత పాత ఇంటికి వచ్చిన ఉత్తరం మీద పోస్టుమ్యాన్ "వెళ్లిపోయారు" అని రాసి వెనక్కి పంపేస్తాడు.

"ఈమెయిలుకి కూడా ఇలాగే జరుగుతుందా మేడమ్?" అని ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు అడిగాడు. వాళ్ల నాన్నగారికి జోర్హాట్ బదిలీ అయింది. చెప్పడం కంటే చూపించడం మేలనిపించింది. కంప్యూటర్ ల్యాబ్‌లో మూలన పెట్టిన రెండు పాత కంప్యూటర్లలో లైనక్స్ వేసి, మేమే మెయిల్ సర్వర్ కట్టుకున్నాం. కంప్యూటర్ సార్ పక్కన ఉన్నారు కాబట్టి సరిపోయింది; తెలుగు టీచర్లకు అంత ధైర్యం ఎక్కడిది!

మెయిల్ సర్వర్ అంటే ఒక తపాలా ఆఫీసు. ఉత్తరం తీసుకుంటుంది, చిరునామా చూస్తుంది, తన వాళ్లదైతే వాళ్ల పెట్టెలో వేస్తుంది, కాకపోతే మరో సర్వర్‌కు అందిస్తుంది. మేము ఎంచుకున్నది పోస్ట్‌ఫిక్స్. వీట్సె వెనెమా అనే డచ్ శాస్త్రవేత్త అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో ఉన్నప్పుడు దీన్ని రాశారు. 1998లో సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా విడుదలైంది. అంతకు ముందు చాలాచోట్ల నడిచింది ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్. అదంతా ఒకటే పెద్ద ప్రోగ్రామ్, కంప్యూటర్ మీద సర్వాధికారాలతో నడిచేది. 1988 నవంబరు 2న మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ వేల కంప్యూటర్లను స్తంభింపజేసినప్పుడు, అది దూరిన కంతల్లో సెండ్‌మెయిల్‌ది ఒకటి. వెనెమా ఈ పనినంతా చిన్న చిన్న ప్రోగ్రాములకు పంచారు. గుమ్మం దగ్గర ఉత్తరం తీసుకునేది ఒకటి, వరుసలో పెట్టేది ఒకటి, పెట్టెలో వేసేది మరొకటి. గుమ్మం దగ్గరున్నవాణ్ని ఎవరైనా మోసగించినా, లోపలి గదుల తాళాలు వాడి చేతిలో ఉండవు.

సిద్ధంగా ఉన్న ప్యాకేజీ తెచ్చుకుంటే ఒక్క ఆజ్ఞతో అయిపోయేది. మేము సోర్స్ కోడ్ తెచ్చుకుని కట్టాం. మూట విప్పి 'మేక్' అని కొట్టగానే పని ఆగిపోయింది. పిల్లల మొహాలు వాడిపోయాయి. కానీ తెర మీది వాక్యాన్ని చివరిదాకా చదివితే, డీబీ డాట్ హెచ్ అనే ఫైలు కనబడలేదు, ముందు తగిన డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేసుకోండి అని దారి అదే చెబుతోంది. చిరునామాల పట్టికలు దాచుకోవడానికి కావలసిన బర్కిలీ డీబీ లైబ్రరీ అది. వేసుకున్నాం, ఈసారి తెర నిండా వరుసలు పరుగెత్తాయి.

ఐసీయూ అని ఇంకో లైబ్రరీ ఉంది. ఆసుపత్రిది కాదు, యూనికోడ్‌కు సంబంధించినది. 2015లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి ఈమెయిల్ చిరునామా కూడా తెలుగు వంటి లిపుల్లో ఉండవచ్చు. కట్టేటప్పుడు ఐసీయూ లేకపోతే మాత్రం ఆ సౌకర్యం లేకుండానే సర్వర్ తయారైపోతుంది. దీన్ని మేము మరిచిపోతామా!

తర్వాత పోస్ట్‌ఫిక్స్ పేరుతో ఎవరూ లాగిన్ కాలేని ఒక యూజర్‌నూ, పోస్ట్‌డ్రాప్ అనే గ్రూపునూ సృష్టించి 'మేక్ ఇన్‌స్టాల్' కొట్టాం. అది అడిగిన ప్రశ్నలకు ఎంటర్ నొక్కుతూ పోయాం. ఇక మెయిన్ డాట్ సీఎఫ్ అనే ఫైల్లో రాయవలసిన వాటిలో ముఖ్యమైనవి రెండు: ఎవరి ఉత్తరాలు మనవి, ఎవరి తరఫున మనం పంపుతాం. రెండోది నిర్లక్ష్యంగా రాస్తే దారినపోయేవాళ్లు కూడా మన సర్వర్ మీదుగా చెత్త మెయిళ్లు పంపుతారు, చెడ్డపేరు మనకొస్తుంది. మా సర్వర్లను ఇంటర్నెట్‌కు కలపనే లేదు. ఒకదానికి గోదావరి, రెండోదానికి కృష్ణ అని పేర్లు పెట్టి, ఒకదానికొకటి కలిపాం.

సర్వర్‌తో చేత్తోనే మాట్లాడవచ్చు. టెల్‌నెట్‌తో 25వ పోర్టుకు వెళ్లి 'హెలో' అని ఒకటే ఎల్‌తో కొట్టాలి. స్పెల్లింగ్ తప్పని పిల్లలు గోల చేశారు! పంపేవారెవరు, అందుకునేవారెవరు, తర్వాత విషయం, చివర ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క. దానికి జవాబుగా సర్వర్ 250 అంటుంది. ఆ క్షణం నుంచి ఉత్తరం బాధ్యత దానిదే. చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని పంపినవారికి చెప్పాలి. ఈ పద్ధతిని 1982లో ఎస్ఎంటీపీ నియమాలుగా రాసినాయన జాన్ పోస్టెల్. పేరు కూడా తపాలాకు తగ్గట్టే కుదిరింది.

దీన్ని పరీక్షించడానికి కృష్ణను ఆపేసి గోదావరి నుంచి ఉత్తరం పంపాం. అది డిఫర్డ్ అనే వరుసలో కూర్చుంది. సుమారు 5 నిమిషాలకు మళ్లీ ప్రయత్నం, తర్వాత విరామం పెరుగుతూ గంట దాటుతుంది. మనమేమీ మార్చకపోతే 5 రోజుల దాకా ఓపిక పడుతుంది. అప్పటికీ కుదరకపోతే ఉత్తరం వెనక్కి. మేము మధ్యాహ్న భోజనం చేసి వచ్చి కృష్ణను మళ్లీ వెలిగించాం. కాసేపటికి ఉత్తరం దాని పెట్టెలో ఉంది.

మరి ఊరు మారినవాళ్ల సంగతి? పోస్ట్‌ఫిక్స్‌లో దానికి 'రీలొకేటెడ్' అని ప్రత్యేకంగా ఒక పట్టికే ఉంది. ఎడమ పక్క మనిషి పాత చిరునామా, కుడి పక్క కొత్త ఆచూకీ. ఆచూకీ ఈమెయిలే కానక్కరలేదు, వీధి చిరునామా అయినా ఫోన్ నంబరైనా రాయవచ్చు. ఆ పేరుకు ఎవరైనా రాస్తే, ఆయన ఫలానా చోటికి మారారు అనే మాటతో ఉత్తరం తిరిగొస్తుంది. ఏలియాస్ పట్టికలో రాస్తే పంపినవారికి తెలియకుండానే ఉత్తరం కొత్త చిరునామాకు వెళ్లిపోతుంది. అది సుఖమే, కానీ జోర్హాట్ వెళ్లే అబ్బాయికి ఈమెయిల్ లేదు, మా సర్వర్ గోడ దాటదు. కాబట్టి అతని పేరు రీలొకేటెడ్‌లోకి ఎక్కింది. పట్టిక అందరికీ కనబడేది కదా, ఇంటి నంబరు వద్దన్నాం. కొత్త స్కూలు చిరునామా మాత్రం రాసి 'పోస్ట్‌మ్యాప్' కొట్టి కుదిర్చింది అతనే.

అతను వెళ్లిన వారంలో ముగ్గురు రాసిన ఉత్తరాలు ఆ చిరునామాతో తిరిగొచ్చాయి. ఇద్దరు పోస్టాఫీసుకు వెళ్లి ఇన్‌లాండ్ లెటర్లు కొని జోర్హాట్‌కు రాశారు. మూడోవాడు ఇంకా అక్షరాలు బాగా కుదరలేదని చింపి మళ్లీ రాస్తున్నాడు.