శస్త్రచికిత్స అనంతరం రోగికి కాపలా ఎవరు?

కొన్నేళ్ల క్రితం మా మామగారికి తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగింది. ఆ రాత్రి వార్డులో ఆయన మంచం ప్రక్కన మేమే ఉన్నాము. సాయంత్రమంతా మూలిగిన మనిషి, నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చిన తర్వాత గాఢంగా నిద్రపోయారు. మొదట పెద్దగా గురక వినిపించింది. కాసేపటికి అదీ తగ్గింది. "అల్‌హమ్దులిల్లాహ్, నొప్పి తగ్గింది" అనుకుని, నిద్రాభంగం కలగకూడదని తల వైపు దీపం ఆర్పేశాము.

అర్ధరాత్రి దాటాక ప్రక్క మంచం రోగికి సెలైన్ సీసా మార్చడానికి నర్సు వచ్చింది. తిరిగి వెళ్తూ మామగారిని చూసి ఆగిపోయింది. వేలికి చిన్న క్లిప్పు తగిలించింది. అందులో 82 అనే అంకె కనిపించింది. వెంటనే భుజం తట్టి బిగ్గరగా పిలిచి లేపింది, మంచం తలభాగం ఎత్తింది, ఆక్సిజన్ పెట్టి డాక్టరు గారిని పిలిపించింది. ఆయన కోలుకున్నారు. తెల్లవారాక ఆమె అన్న మాట మేము నేటికీ మరువలేదు: "మౌల్వీ గారూ, ఇంజెక్షన్ చేసిన రాత్రి రోగి కదలకుండా పడుకుంటే సుఖంగా ఉన్నాడనుకోకండి. ఊపిరి చూడండి."

నర్సుల తర్వాతి రౌండు తెల్లవారుజామున. ప్రక్క రోగి సీసా ఆ వేళకే అయిపోకపోయి ఉంటే?

రౌండుకూ రౌండుకూ మధ్య

ఆపరేషన్ గదిలో రోగి ప్రతి ఊపిరినీ యంత్రం లెక్కిస్తుంది, మత్తు డాక్టరు తలాపునే ఉంటారు. సాధారణ వార్డుకు వచ్చాక సుమారు నాలుగు గంటలకొకసారి మాత్రమే నాడి, రక్తపోటు, ఊపిరి చూస్తారు. అయితే ప్రమాదం ఆపరేషన్ గదిలోనే ముగిసిపోదు. శస్త్రచికిత్స జరిగిన 30 రోజుల లోపు ప్రపంచంలో ఏటా కనీసం 42 లక్షల మంది మరణిస్తున్నారని 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన అంచనా తెలుపుతోంది.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు శస్త్రచికిత్స జరిగిన రోగుల రక్తంలోని ఆక్సిజన్‌ను, వార్డు సిబ్బందికి అంకెలు కనబడకుండా, ఎడతెగకుండా నమోదు చేశారు. 2015లో ఫలితాలు ప్రచురించారు. ఆక్సిజన్ 90 శాతం కంటే దిగువకు పడిపోయి గంటసేపైనా అలాగే ఉన్న సందర్భాలలో నూటికి 90 నర్సుల దృష్టికి రాలేదు. దీనిని నర్సుల నిర్లక్ష్యంగా భావించడం అన్యాయం. కొలవడానికి వచ్చిన మనిషి పలకరింపుతోనే రోగి మేల్కొంటాడు, మేల్కొన్నవాడు బాగా ఊపిరి పీలుస్తాడు. ఆమె వెళ్లగానే మళ్లీ నిద్రలో జారిపోతాడు. కాగితం మీద మాత్రం మంచి అంకే మిగులుతుంది.

తీగలు లేని కాపలా

ఈ లోటును పూడ్చేందుకు వచ్చినదే నిరంతర వైర్‌లెస్ పర్యవేక్షణ. ఛాతీకి అంటించే పట్టీ గుండె లయను, ఊపిరిని గమనిస్తుంది. వేలికి తొడిగే పరికరం ఎర్రని కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని చర్మం గుండా పంపి ఆక్సిజన్ శాతాన్ని లెక్కిస్తుంది. ఈ పద్ధతికి 1970 దశకంలో పునాది వేసినవారు జపాన్ ఇంజనీరు టకువో అఓయాగి. సమాచారం తీగలు లేకుండానే నర్సుకు చేరుతుంది కనుక రోగి మంచానికి కట్టుబడి ఉండనక్కరలేదు, లేచి నడవవచ్చు. శస్త్రచికిత్స తర్వాత త్వరగా నడవడం ఎంతో మేలు. బెంగళూరులో రూపొందిన డోజీ వంటి పరికరాలైతే పరుపు క్రింది పలుచని పట్టీతోనే గుండె, ఊపిరి కదలికలను పసిగడతాయి.

అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో డార్ట్‌మత్-హిచ్‌కాక్ ఆసుపత్రి 2007 డిసెంబరులో తన ఎముకల శస్త్రచికిత్స వార్డులోని 36 మంచాలకూ ఇటువంటి ఏర్పాటు చేసింది. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోతే సంకేతం నేరుగా నర్సు వద్దనున్న పేజర్‌కు చేరేది. అత్యవసర బృందం పరుగెత్తవలసిన సందర్భాలు, ఇంటికి వెళ్లిన ప్రతి వెయ్యి మంది రోగులకు 3.4 నుండి 1.2కు తగ్గాయి. ఐసీయూకు తరలింపులు కూడా సుమారు సగానికి తగ్గాయి.

అక్కడి వైద్యులు చేసిన మరో మంచి పని ఉంది. చిన్న హెచ్చుతగ్గులకు యంత్రం మ్రోగకుండా జాగ్రత్తపడ్డారు. అస్తమానం మ్రోగే గంటను చెవి పట్టించుకోవడం మానేస్తుంది. 2009 జనవరి నుండి 2012 జూన్ వరకు అమెరికాలో అలారంలకు సంబంధించిన 98 ప్రమాదాలు నివేదికలకెక్కాయి, వాటిలో 80 మంది మరణించారు. యంత్రం పిలుస్తుంది, అంతే. పిలుపు విని లేచి రావలసింది మనిషే.

యంత్రానికి మరో బలహీనత కూడా ఉంది. నల్లని చర్మం గలవారిలో ఆక్సిజన్ లోపాన్ని వేలి పరికరం గుర్తించలేకపోవడం తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. గోళ్ల రంగు, ముదురుగా పండిన గోరింటాకు కూడా కొలతకు అడ్డు రావచ్చు. కనుక శస్త్రచికిత్సకు ముందు రంగు తీసివేయండి. గోరింటాకు ఉంటే నర్సుకు చెప్పండి.

యంత్రం లేని చోట

మన ప్రాంతపు వార్డులలో చాలాచోట్ల ఈ పరికరాలు ఇంకా లేవు. రాత్రంతా రోగి ప్రక్కన ఉండేది ఇంటి మనుషులే. అటువంటివారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి.

నిద్రిస్తున్న రోగి ఛాతీని గమనిస్తూ ఒక పూర్తి నిమిషం ఊపిరులు లెక్కించండి. పెద్దవారికి 12 నుండి 20 వరకు సహజం. పదికి తగ్గినా, గురక మధ్య ఊపిరి ఆగి ఆగి వచ్చినా, పెదవులు నీలంగా మారినా, పిలిస్తే సరిగా పలకకపోయినా వెంటనే నర్సును పిలవండి. మార్ఫిన్ వంటి మందులు ఊపిరిని నడిపే మెదడు భాగాన్ని మందగింపజేస్తాయి. ఆక్సిజన్ గొట్టం ఉన్నప్పుడు ఊపిరి తగ్గినా అంకె కొంతసేపు బాగానే కనబడవచ్చు. కాబట్టి అంకెతో పాటు ఊపిరినీ చూడాలి. నొప్పి మందు కోసం రోగి చేతికి మీట ఇస్తే, దానిని రోగి తప్ప మరెవరూ నొక్కకూడదు, జాలితోనైనా సరే. నిద్రలో ఊపిరి ఆగే అలవాటు, పెద్ద గురక ఉంటే ఆ సంగతి ముందుగానే మత్తు డాక్టరుకు తెలియజేయాలి.

రోగిని పరామర్శించడం మన ఇళ్లలో అలవాటే. పండ్లు తీసుకువెళ్తాము, నాలుగు మంచి మాటలు చెప్పి వస్తాము. మొదటి రెండు రాత్రులు మేల్కొని ఊపిరులు లెక్కించే మనిషి కూడా ఆ రోగికి కావాలి. బంధువులు వంతులు వేసుకుంటే ఇది భారం కాదు. మామగారి తర్వాత మా ఇంట్లో మరో ఇద్దరికి శస్త్రచికిత్సలు జరిగాయి. ఆ రాత్రులలో మేము దీపం ఆర్పలేదు.